మూడు చేపల శేషం

జువ్వలదిన్నెకు అవతల, ఇసుకదిబ్బల మీద ఉన్న ఒక పాళెం బడిలో అయిదో తరగతి పిల్లలకు శేషమంటే ఏమిటో తెలియదని 1961లో ప్రభుత్వం వారు కనిపెట్టారు. కనిపెట్టినవారు ఇన్‌స్పెక్టరు పద్మనాభయ్యగారు. బిట్రగుంటలో రైలు దిగి, ఎడ్లబండిలో ఒళ్లు హూనం చేసుకుని మరీ కనిపెట్టారు.

"ఇరవై మూడు చేపలు, నలుగురు మనుషులు. తలా ఎన్ని?" అన్నారాయన.

"అయిదు!" అంది తరగతంతా.

"మిగిలేవి?"

"ఏం మిగలవు సార్," అంది నూర్‌బీ. "మూడుంటాయి గానీ, అయి మాయమ్మవి."

పంతులమ్మ జయశీల ఆయన జేబులోని కలం వంక చూసింది. ఆరేళ్లుగా ఆమెది తాత్కాలిక ఉద్యోగం. అది ఖాయం కావాలంటే ఈయన సంతకం పడాలి. నూర్‌బీ తప్పు చెప్పలేదని మాత్రం ఆమెకు తెలుసు. వంతులు వేసుకోగా మిగిలిన చేపలు, సముద్రంలో మనిషిని పోగొట్టుకున్న ఇంటికి చేరాలన్నది పాళెం కట్టుబాటు. ఆ ఏడు ఆ ఇల్లు నూర్‌బీ తల్లి మస్తాన్‌బీది. చదువులేని జనం కదా, ఆ చేపల్ని పక్కన రాసి వదిలేయాలని ఎవరికీ తోచలేదు.

పద్మనాభయ్యగారు జాలిపడ్డారు. "దేశం ప్రణాళికల మీద ప్రణాళికలు వేస్తుంటే, మీరు భాగహారంలో దానధర్మాలు కలుపుతారా? శేషానికి తల్లీ ఉండదు, తండ్రీ ఉండడు. అది పక్కన రాయబడును, అంతే!" అని ఉపన్యసించారు. ఆపైన నవీన బోధనా పద్ధతి ననుసరించి, అప్పుడే ఒడ్డుకొచ్చిన పడవలోంచి ఇరవై మూడు చేపల్ని, నలుగురు పల్లెకారుల్ని బడికి రప్పించారు. తలా అయిదు పంచారు. మూడు మిగిలాయి. అవి ఎవరివీ కావని శాస్త్రీయంగా రుజువైంది. ఎవరివీ కానివి సర్కారువి, ఆ పూటకు సర్కారంటే ఆయనే. బంట్రోతు వాటిని తాటాకులో చుట్టి బండిలో పెట్టాడు. సర్కారుతో మనకెందుకని పల్లెకారులు నేల చూశారు.

"మాయమ్మ పులుసుకి చింతపండు నానేసుంటాది టీచరమ్మా," అంది నూర్‌బీ మెల్లగా.

జయశీలకు ఏడుపొచ్చింది. సిగ్గేసింది. బండి ఇంకా కదల్లేదు, సంతకం ఇంకా పడలేదు.

"పలక తుడుచుకో తల్లీ. శేషం మూడు అని రాయి," అంది.

నూర్‌బీ రాసింది. సంతకం పడింది. మరుసటి ఏడు నుంచి ఆ బడిలో భాగహారం ఎవరికీ తప్పలేదు. మిగిలిన చేపల్ని ఎవరింటికీ పంపకుండా పక్కన పెట్టడం పాళెంలో పెద్దలు కూడా త్వరలోనే నేర్చుకున్నారు. మస్తాన్‌బీ ఏమైందని అడిగేవాళ్లు లేరు. మీరూ అడగరు. మీకూ చిన్నప్పుడు ఈ లెక్కలో నూటికి నూరు వచ్చే ఉంటాయి.