ఇంటర్వెల్ దాకా చూసిన ఫారిన్

సినిమాను సగం చూసి సంసారం గురించి నిర్ణయాలు తీసుకోకండి బాబూ. నేను చేసిన ఘనకార్యం అదే.

దేవరకొండలో గుమాస్తా ఉద్యోగం నుంచి రిటైరయ్యానో లేదో, మా ఆవిడ సోమమ్మ గొర్ల మందను నాకు అప్పజెప్పడానికి సిద్ధమైంది. గొర్లు కాసే కురుమల ఇంట్లో పుట్టినా నాకు అలవాటైంది ఫైళ్లే. ఫైలు పెట్టినచోట ఉంటుంది, గొర్రె ఉండదు.

సరిగ్గా అప్పుడే టీవీలో ఓ సినిమా చూశాను. రిటైరైన ముసలి జంట విదేశంలో కాపురం పెడతారు. సముద్రం ఒడ్డున కుర్చీలు, కూర్చున్నచోటికే కాఫీ. ఇంటర్వెల్‌కి నిద్ర పట్టేసింది. మిగతాదీ అలాగే ఉంటుందిలే అనుకున్నాను.

“సోమా, మనం గూడ ఫారిన్ల ఉందాం. నీకు గొర్ల బాధ తప్పుతది.”

“నాకా, నీకా?”

“ఇద్దరికి.”

“గా సినిమా నాకు గూడ చూపియ్యి. గా ముసలోళ్లు ఎట్లుంటే మనం గట్లనే ఉందాం. మాట తప్పొద్దు.”

“తప్పితే నా పేరు కురుమయ్యే గాదు!”

ఆ మాట పక్కింటి లింగస్వామి, అతని భార్య బిక్షమ్మ ముందు మళ్లీ చెప్పించింది.

ఆదివారం అదే సినిమా మళ్లీ వేస్తే నలుగురం కూర్చున్నాం. సముద్రం కనబడినప్పుడల్లా సోమమ్మ వైపు గర్వంగా చూశాను. ఇంటర్వెల్ అయింది. తెర మీది ముసలాయనకు కుర్చీలో కూర్చుని కూర్చుని విసుగొచ్చింది. భార్యను తీసుకుని కొండమీదికెళ్లి ఓ గొర్ల మంద కొన్నాడు!

నేను రిమోట్ కోసం తడుముకున్నాను.

“ఎనక గొర్రె కుంటుతాంది సూడు,” అన్నాడు లింగస్వామి.

“ముసలోనికి గొంగడి లేదు, పాపం సలి పెడ్తది,” అంది బిక్షమ్మ.

“గీ దానికి ఇమానమెక్కుడెందుకయ్యా?” అంది సోమమ్మ.

తెల్లారేసరికి నా భుజాన గొంగడి, చేతిలో కర్ర. దేవరకొండ ఖిల్లా కింది గుట్టల్లో మంద ఓ దిక్కు, నేనో దిక్కు. మధ్యాహ్నం సద్ది పట్టుకుని సోమమ్మ వచ్చి ఒక్క కేకేసింది. గొర్లన్నీ వచ్చాయి, నేనూ వచ్చాను.

“ఫారినంటే ఒక్క మాటకే ఎట్ల ఒప్పుకున్నవే? నాకు సమజైతలేదు.”

“మా తమ్ముని బిడ్డ నిరోష గా సినిమా ఎప్పుడో ఫోన్ల చూపించింది. ఆఖరుదాక చూసిన.”

కోపం రావాల్సింది, నవ్వొచ్చింది.

“ఇన్నేండ్లు నువ్వు ఆఫీసుకు పోతివి,” అంది రొట్టె మూట విప్పుతూ. “నేను గీ గొర్లతోనే మాట్లాడుకుంట బతికిన. ఇగ నీతోని మాట్లాడ్త.”

సిగ్గేసింది, సంతోషంగానూ ఉంది. జొన్నరొట్టెలో పెద్ద ముక్క ఆమెకే ఇచ్చాను. మాటలు అప్పుడే మొదలుపెట్టింది. పొద్దుగూకినా ఆపలేదు, నేనూ ఆపమనలేదు.