మైకును గుర్తించింది, పనిచేయడమొక్కటే తక్కువ

పనిచేసే కంప్యూటర్ సంసారానికి చేటు. ఈ మాట కోపంతో అనడం లేదు, అనుభవంతో అంటున్నాను. మీట నొక్కగానే వెలిగి, అడిగింది అచ్చువేసి, పడుకోమంటే పడుకునే యంత్రం ఇంట్లో ఉంటే ఇక మొగుడూ పెళ్లాలు మాట్లాడుకోవడానికి ఏం మిగులుతుంది చెప్పండి?

మా ఇంట్లోనూ అలాంటి దౌర్భాగ్యపు ల్యాప్‌టాప్ ఒకటి ఉండేది. నేను లెక్కల టీచర్ని. సాయంత్రాలు దాని ముందు కూర్చుని పదో తరగతి పిల్లలకు ఆన్‌లైన్‌లో పాఠాలు చెప్పేదాన్ని. పరీక్షలు ముంచుకొస్తున్నాయి. సరిగ్గా అప్పుడే ఓ ఆదివారం, నేను కూరగాయలు తెచ్చుకుని వచ్చేసరికి, మా ఆయనా ఆయన ఆఫీసు స్నేహితుడూ కలిసి దాన్ని ఉద్ధరించేశారు. ఆ స్నేహితుణ్ణి మేం గురువుగారంటాం. డబ్బిచ్చి కొన్న సాఫ్ట్‌వేర్ వాడేవాళ్లంటే ఆయనకు అంతులేని జాలి. పాత ఆపరేటింగ్ సిస్టమ్‌ను ఆనవాలు లేకుండా తుడిచేసి, ఉచితంగా దొరికేదీ, లోపలి కోడ్ ఎవరైనా చూసుకోదగినదీ ఒకటి ఎక్కించారు.

"ఇవాళ్టితో మనకు విముక్తి!" అన్నారు మా ఆయన. కళ్లనీళ్లొక్కటే తక్కువ.

విముక్తి అంటే మాటలా! మొట్టమొదట విముక్తి పొందింది ప్రింటర్. ఆ క్షణం నుంచి అది ఎవరి మాటా వినడం లేదు. యంత్రానికీ సిస్టమ్‌కీ మాట కలిపే చిన్న ప్రోగ్రాం ఒకటి ఉంటుందట, దాని పేరు డ్రైవర్.

"కంపెనీవాడు డ్రైవర్ ఇవ్వలేదు చెల్లెమ్మా. తప్పు వాడిది, మన సిస్టమ్‌ది కాదు" అన్నారు గురువుగారు.

"తప్పు వాడిదే అన్నయ్యగారూ. మరి నా ప్రశ్నపత్రం ఎవరు అచ్చువేస్తారు?"

ఆయన నావంక జాలిగా చూశారు. నేను ప్రశ్నపత్రాలన్నీ చేత్తో రాసి, ఫొటోలు తీసి పంపాను. కాలేజీ వదిలాక పాడైపోయిన నా చేతిరాత మళ్లీ ముత్యాల్లా తయారైంది. ఇది వరం కాక మరేమిటి?

వైఫై చిప్పు కూడా సిస్టమ్‌కు నచ్చలేదు. అందుకని హాల్లోంచి వంటింటి గుమ్మం మీదుగా నా గదిదాకా మోకాలెత్తున ఓ వైరు లాగారు. నడవమని డాక్టరు ఎంత మొత్తుకున్నా కుర్చీ దిగని మా అత్తగారు, ఇప్పుడు మంచినీళ్లకి వెళ్లాలన్నా కాలెత్తి దాటాల్సిందే. ఎత్తిన ప్రతిసారీ ఆ సిస్టమ్ తయారుచేసినవాళ్ల వంశాన్ని తలుచుకుంటున్నారు. ఆరోగ్యానికి ఆరోగ్యం, ప్రపంచంతో సంబంధానికి సంబంధం!

ఇక నిద్ర సంగతి. మూత వేస్తే ల్యాప్‌టాప్ నిద్రపోతుంది, అంతవరకూ బాగానే ఉంది. లేవడమే ఉండదు. కాబట్టి "మూత వేయరాదు" అని చీటీ అంటించారు మా ఆయన. నోరు తెరుచుకుని పడున్న ఆ యంత్రాన్ని చూడలేక అత్తగారు దానిమీద తుండుగుడ్డ కప్పుతున్నారు.

కెమెరా పనిచేస్తోంది. అబద్ధమెందుకు చెప్పాలి, భేషుగ్గా పనిచేస్తోంది. కాకపోతే మనిషిని తలకిందులుగా చూపిస్తోంది. "ఈ మోడల్లో కెమెరాను కంపెనీవాడు తిరగేసి బిగించాడు. మన సిస్టమ్ ఉన్నదున్నట్టు చూపిస్తోంది" అన్నారు గురువుగారు. ఇంత నిజాయితీ మనుషుల్లో ఎక్కడుందండీ?

అసలు మహిమ మైకుది. సెట్టింగుల్లో దాని పేరు, ఊరు, నంబరుతో సహా కనిపిస్తుంది. గొంతు మాత్రం అవతలికి వెళ్లదు.

"చూశావా, మైకును గుర్తించింది!" అన్నారు మా ఆయన గర్వంగా.

"గుర్తిస్తే పనిచేయదేమండీ?"

"గుర్తించడమే కష్టం. పనిచేయడం తరువాతి సంగతి."

గుర్తింపుతో కడుపు నింపుకోవడం ఇల్లాళ్లకు కొత్తేమీ కాదు కనుక ఊరుకున్నాను. అలా తలకిందులుగా వేలాడుతూ, మాటా పలుకూ లేకుండా, త్రికోణమితి మొదలుపెట్టాను. "టీచర్, మీరు చెప్తున్నారా, ఆవలిస్తున్నారా?" అని టైప్ చేశాడో శిష్యుడు.

ఫోన్లో చెప్పొచ్చుగా అంటారు. చెప్పాను. నేను గీసిన త్రిభుజం పిల్లలకు చీమ తలకాయంత కనిపించింది. పైగా మా ఆయన మనసు నొచ్చుకుంది. "నువ్వు ఫోన్లో సర్దుకుపోతే మైకును పరీక్షించేదెవరు?" అన్నారు. నిజమే కదా! లెక్కలు చెప్పేవాళ్లు వీధికొకరు దొరుకుతారు. ఉచితంగా పరీక్షకు కూర్చునే మనిషి ఎక్కడ దొరుకుతుంది?

పాత సిస్టమ్‌నే మళ్లీ ఎక్కించమని అడిగాను. ఇద్దరూ నన్నెలా చూశారంటే, జైల్లోంచి బయటికొచ్చినవాడు తాళం వేయించుకోవడానికి వెనక్కి వెళ్తానన్నట్టు చూశారు.

మా ఆయన ఫోరంలో మొరపెట్టుకున్నారు. ఇలాంటి సిస్టమ్‌లు వాడేవాళ్లంతా ఒకరికొకరు సాయం చేసుకునే చోటట అది. సాయం కుప్పలుగా వచ్చింది. ఒకాయన "నా దగ్గర బాగానే పనిచేస్తోందే" అన్నాడు. ఇంకొకాయన ఈ ల్యాప్‌టాప్ ఎవడు కొనమన్నాడని నిలదీశాడు. మూడో ఆయనకు అచ్చం ఇదే జబ్బు వచ్చి నయమైందట. ఏ మందు వేశాడో చెప్పకుండా అందరికీ కృతజ్ఞతలు చెప్పి వెళ్లిపోయాడు.

ఈలోగా తల్లుల ఫోన్లు మొదలయ్యాయి. "మీరు బాగా చెప్తారు మేడం, కాదనను. కానీ పరీక్షలు కదా..." అని నసిగి, పిల్లల్ని పక్క వీధి మాస్టారి దగ్గర చేర్చేశారు. ఆయనది బానిస కంప్యూటరే. నోరుంది, పాపం. చివరిదాకా నన్ను పట్టుకుని ఉన్న పిల్ల కూడా ఓ సాయంత్రం "సారీ టీచర్" అని టైప్ చేసి వెళ్లిపోయింది. నాకు ఏడుపొచ్చింది. ఆ ఏడుపూ అవతలికి వినిపించలేదు, పరువు దక్కింది.

సాయంత్రాలు ఖాళీ అయ్యాక, మొన్న ఆదివారం మైకు పనిచేసింది!

మా ఆయన ఇల్లంతా గెంతారు. గురువుగారు పరుగున వచ్చారు. అత్తగారు వైరు దాటి వచ్చారు. నన్ను కుర్చీలో కూలేసి, "మాట్లాడు, ఏదో ఒకటి మాట్లాడు!" అన్నారు.

మాట్లాడాను. "ఈ కంప్యూటర్ నాది. దీంతో నేను పనిచేసుకుంటున్నాను. స్వేచ్ఛ, స్వేచ్ఛ అని ఇద్దరూ గొంతు చించుకున్నారు గానీ, తుడిచేముందు నన్నొక్క మాట అడగాలని మీలో ఒక్కరికీ తోచలేదు."

రికార్డయిన ఆ మాటల్ని మా ఆయన మళ్లీ మళ్లీ వేసుకుని విన్నారు. ఆయన కళ్లు చెమర్చాయి.

"విన్నావా? ఒక్క అక్షరం పోలేదు! గరగర కూడా లేదు!"

ఆ రికార్డింగును సాక్ష్యంగా ఫోరంలో పెట్టారు. అభినందనలు వెల్లువెత్తాయి. మన భాష తెలిసినవాడొకడు మాత్రం, "ఇంతకీ ఆవిణ్ణి ఎందుకడగలేదండీ?" అని రాశాడు.

మా ఆయన వెంటనే జవాబిచ్చారు. "ఇది హార్డ్‌వేర్ ఫోరం. దయచేసి విషయానికి సంబంధించిన ప్రశ్నలే అడగండి."