ఆర్విల్ కుర్చీ మీది తువ్వాలు

ఆ శనివారం పొద్దున డెంజిల్ ప్రూయిట్ పెట్టుకున్న పని ఒక్కటే: సాయంత్రం టోర్నమెంటు ఆటకి పిల్లల తెల్ల యూనిఫారాలు ఉతికి ఆరబెట్టడం. కార్విన్ లాంటి ఊళ్లో హైస్కూలు బాస్కెట్‌బాల్ కోచ్ అంటే అంతే. బట్టలు ఉతకడం, బస్సు తోలడం, ఓడితే తిట్లు తినడం, మూడూ ఆయనవే. డెంజిల్ ఆరడుగుల తొమ్మిదంగుళాల మనిషి. ప్రొఫెషనల్ లీగుల్లో తొమ్మిదేళ్లు ఆడొచ్చాడు. ఆడొచ్చాడు అనడం మర్యాదకే, నిజానికి తొమ్మిదేళ్లూ బెంచీ మీద కూర్చొచ్చాడు.

ఈ ఏడు వరసగా పదకొండు ఆటలు పోయాయి. "ఇవాళ కూడా ఓడితే సోమవారం నుంచి కొత్త కోచ్, ఏమనుకోకు డెంజిల్" అని ప్రిన్సిపాల్ లోర్నా మొహం మీదే చెప్పేసింది. ఉద్యోగం పోతుందన్న బాధ ఒక ఎత్తు, ఆర్విల్ స్టాంపర్ మాట నిజమైపోతుందన్న బాధ ఇంకో ఎత్తు. ముప్పై ఏడేళ్లు కోచ్‌గా ఉండి, డెంజిల్‌కి ఆట నేర్పిన ముసలాయన ఆయనే. పోయే ముందు ఆసుపత్రి మంచం మీంచి అన్నాడు: "నీకు ఆట తెలుసురా. అరవడం తెలీదు. నువ్వు కోచింగుకి పనికిరావు."

ఆర్విల్ పోయి మూడేళ్లయినా బెంచీ వరసలో మొదటి కుర్చీ ఆయనదే. దాని మీద ఎర్ర అంచు తెల్ల తువ్వాలు ఉంటుంది. ఆట బిగిసినప్పుడల్లా ఆయన ఆ తువ్వాలు కొరికేవాడు. ముందుపళ్ల మధ్య సందుండేది, గుడ్డ మీద గాట్లు కూడా ఆ సందుతోనే పడేవి. ఆ కుర్చీలో ఎవరూ కూర్చోరు, ఆ తువ్వాలు ఎవరూ ఉతకరు. ఆట మొదలయ్యే ముందు ఆర్విల్ భార్య ఓపలమ్మ వచ్చి దాన్ని ఒకసారి తాకి వెళ్తుంది. అది జరగందే కార్విన్‌లో బంతి లేవదు.

అంత పవిత్రమైన తువ్వాలు మీద డెంజిల్ కాఫీ ఒలకబోశాడు.

జిమ్‌లో ఒక్క దీపమే వెలుగుతోంది. మూడు వేల ఖాళీ సీట్లు చీకట్లోంచి తనకేసే చూస్తున్నట్టు అనిపించి, "సారీ, సార్" అన్నాడు గాల్లోకి. మరక పోగొట్టాలన్న తొందరలో తువ్వాలు తీసుకెళ్లి యూనిఫారాలతో పాటే మెషీన్లో పడేశాడు. ముప్పావుగంట తర్వాత మూత తీస్తే ఎర్ర అంచు రంగు వదిలేసి, పన్నెండు జతలూ, తువ్వాలూ చక్కటి గులాబీ రంగులో ఉన్నాయి.

"చచ్చాన్రా దేవుడా!"

ఆ తువ్వాలు దాచేసి, ఖాళీ కుర్చీ ఎవరి కంటా పడకుండా మడిచి గోడకి ఆనించి, పరుగున బజారుకి వెళ్లి, అలాంటిదే ఎర్ర అంచు తువ్వాలు కొనుక్కొచ్చాడు. తిరిగొచ్చేసరికి కుర్చీ విప్పి ఉంది, అదీ దాని చోటే. మడవడం మర్చిపోయానేమో అనుకున్నాడు. ఎక్కణ్ణుంచో దాల్చినచెక్క బిళ్లల వాసన. ఆర్విల్ ఆ బిళ్లలు తెగ చప్పరించేవాడు.

కొత్త తువ్వాలు మరీ కొత్తగా ఉంది. నేలకేసి రుద్దాడు, మిగిలిన కాఫీ చిలకరించాడు. ఇంక పంటిగాట్లే తక్కువ. మోకాళ్లు అరిగిపోయిన మనిషి, ఎదురుగా ఉన్న కుర్చీలో కూలబడి, ఒక మూల నోట్లో పెట్టుకుని కసిగా కొరకడం మొదలెట్టాడు.

సరిగ్గా అప్పుడే అవతలి తలుపులోంచి విల్మా వచ్చింది, బకెట్టుతో. ఆ జిమ్ ఊడుస్తూ ముసలిదైపోయిన మనిషి. మసక వెలుతుర్లో ఆమెకి కనిపించింది ఆర్విల్ కుర్చీలో కూర్చుని తువ్వాలు కొరుకుతున్న ఆకారం.

"ఆర్విల్!" అని కెవ్వుమంది. బకెట్టు దొర్లింది. డెంజిల్ సిగ్గుతో, తువ్వాలు కుర్చీలో పడేసి, గ్యాలరీ మెట్ల కిందకి దూరాడు. విల్మా కళ్లు నులుముకుని చూసేసరికి కుర్చీ ఖాళీ.

మధ్యాహ్నానికల్లా ఊరంతా ఆర్విల్ తిరిగొచ్చాడన్న మాటే. పాస్టరు వచ్చి జిమ్ గుమ్మంలో ప్రార్థన చేశాడు, లోపలికి మాత్రం రాలేదు. యూనిఫారాలు చూసి లోర్నా నోరెళ్లబెట్టింది.

"ఇదెవరి పనయ్యా?"

డెంజిల్ నోరు తెరిచేలోపే విల్మా అందుకుంది. "ఇంకెవరి పని? పదకొండు ఆటలు ఓడితే ఆయనకి మండదూ? తెల్లవి వేసుకునే అర్హత మీకు లేదని చెప్తున్నాడు!"

నిజం చెప్తే ఉద్యోగం సోమవారం దాకా కూడా ఆగదు. డెంజిల్ తెరిచిన నోరు మూసుకున్నాడు.

సాయంత్రం జిమ్ కిటకిటలాడింది. ఆట చూద్దామని వచ్చినవాళ్లు సగం, ఆర్విల్ని చూద్దామని వచ్చినవాళ్లు సగం. రిఫరీ ఒక యూనిఫారం పట్టుకుని, "సొంత జిమ్‌లో ఆడేవాళ్లు తెలుపు వేసుకోవాలి. ఇది తెలుపా?" అన్నాడు.

"నిన్నటిదాకా అండీ" అన్నాడు డెంజిల్.

అవతలి జట్టు నలుపు వేసుకొచ్చింది కాబట్టి రిఫరీ వదిలేశాడు. ఓపలమ్మ వచ్చి తువ్వాలు తాకింది. డెంజిల్ నేలచూపులు చూశాడు. ఆవిడ అతనికేసి ఒక్క క్షణం చూసి, వెళ్లి కూర్చుంది.

పిల్లలు కుర్చీకేసి భయంభయంగా చూస్తూనే ఆడారు. ఆఖరి తొమ్మిది సెకన్లు. కార్విన్ ఒక్క పాయింటు వెనక. బంతి ట్రేస్ అనే కుర్రాడి చేతిలో ఉంది, వాడు కదలడు. డెంజిల్ ఎప్పట్లా పెదవి కొరుక్కున్నాడు. మంచం మీది ఆ మాట చెవిలో గింగిర్లు తిరిగింది. అంతే, తొమ్మిదేళ్లు బెంచీ మీద మింగినదంతా ఒక్కసారి బయటికొచ్చింది:

"ట్రేస్! బంతిని చంటిపిల్లలా ఎత్తుకుని నిలబడ్డావేంరా? లోపలికి దూరు! దయచేసి దూరి చావు!"

కప్పు అదిరింది. ట్రేస్ దయ్యాన్ని చూసినవాడిలా లోపలికి దూసుకెళ్లి బంతిని బుట్టలో వేశాడు. బజర్ మోగింది. ఒక్క పాయింటుతో కార్విన్ గెలిచింది.

"ఆర్విల్ పూనాడు!" అని ఊరు ఊరంతా ఊగిపోయింది. లోర్నా డెంజిల్ చెయ్యి ఊపేస్తూ, "వచ్చే ఏడు కూడా నువ్వే, అంటే మీరిద్దరే!" అంది.

జనం వెళ్లిపోయాక డెంజిల్ ఒంటరిగా కూర్చున్నాడు. ఏడుపొచ్చేలా ఉంది. జన్మకో అరుపు అరిచాడు, అదీ చచ్చినాయన ఖాతాలోకే పోయింది. ఓపలమ్మ నెమ్మదిగా వచ్చి పక్కన కూర్చుంది. ఇంక ఆపుకోలేక కాఫీ దగ్గర్నుంచి అంతా చెప్పేశాడు. "క్షమించండమ్మా, ఆయన తువ్వాలు పాడుచేశాను."

ఆవిడ నవ్వింది. "ఆయనది ఆయనతోనే శవపెట్టెలో పెట్టాన్రా. ఏటా సీజన్ మొదట్లో ఇక్కడ కొత్తది వేసేది నేనే. మూడేళ్ల పాతగుడ్డయితే అంత రంగు వదులుతుందా, పిచ్చి నాయనా? ఇంకోటి విను. ఆ అరుపు ఆర్విల్‌ది కాదు, నీదే. ముప్పై ఏడేళ్లు విన్నాను, ఆయన ఒక్కసారీ 'దయచేసి' అనలేదు."

డెంజిల్‌కి కళ్లు చెమర్చాయి. ముసలాయన అన్న మాట తప్పని ఆయన పెళ్లామే చెప్తుంటే ఇంకేం కావాలి!

"నువ్వు ఏటా ఆ గాట్లు పెడుతుంటే కూడా, ఆయన మీద ప్రేమకొద్దీ అనుకుని ఊరుకున్నాను" అంది ఆవిడ.

"నేనా? నేను కొరికింది ఇవాళొక్కరోజేనమ్మా. అవి ఆయనవే అనుకున్నాను."

డెంజిల్ కుర్చీ మీది తువ్వాలు విప్పి దీపం కిందకి పట్టాడు. ఒక మూల అతని గాట్లున్నాయి, వరసగా, సందు లేకుండా, ఎండిపోయి. రెండో మూల ఇంకా తడిగా ఉంది. దాల్చినచెక్క వాసన గుప్పుమంది. గాట్ల మధ్య సందుంది.

ఓపలమ్మ ఆ మూలని వేలితో నిమిరి, "ఆట బాగానే బిగిసింది మరి" అని, కర్ర పుచ్చుకుని ఇంటికి వెళ్లిపోయింది.

మరుసటి సీజన్‌కి కావలసిన సామాన్లు రాసిమ్మంటే, డెంజిల్ తువ్వాళ్లు రెండు అని రాశాడు.