వైరస్‌ను పెంచని ప్రభుత్వం

కూవం నది పొంగి చింతాద్రిపేట గడపలు దాటి, అలమారలో రెండో అర దాకా నీళ్ళెక్కిన సంవత్సరమది. నీళ్ళు తీశాక పేటలో కామెర్లు మొదలయ్యాయి. జ్వరాల నివారణ శాఖ మంత్రి మునిస్వామిగారు డిస్పెన్సరీ ముందు పందిరి వేయించి, మైకులో ప్రకటించారు.

"ఇకమీదట ల్యాబుకు పోయే పని లేదు. వైరస్ ఉందా లేదా అని రోగి పక్కనే, ఒక్క గంటలో తేల్చేస్తాం!"

పక్కన ఫారిన్ మిషను మెడ నిండా దండలతో కూర్చుంది.

అందరికంటే గట్టిగా చప్పట్లు కొట్టింది టిఫిన్ కొట్టు ఆదికేశవులు. కూతురు ఆశకు ఏడో నెల, కళ్ళు పచ్చబడ్డాయి. కడుపుతో ఉన్నవాళ్ళకు ఈ వైరస్ ప్రాణం మీదికి తెస్తుందని డాక్టరమ్మ చెప్పింది. పెద్దాస్పత్రివాళ్ళేమో పాజిటివ్ చీటీ ఉంటేనే మంచం అన్నారు.

మంత్రిగారికి గంట నచ్చలేదు.

"అంతసేపు ఏం చేస్తుందయ్యా అది?"

శాఖ డైరెక్టరు వెంకట్రామ్ వినయంగా వంగాడు. "రక్తంలో వైరస్ జాడ కొంచెమే ఉంటుంది సార్. మిషను దాన్ని వేడి చేసి, చల్లార్చి, ఒకటికి లక్షగా పెంచుతుంది. అప్పుడే కనబడుతుంది."

మంత్రిగారి చేతిలో సోడా ఆగిపోయింది.

"పెంచుతుందా? సర్కారు ఖర్చుతో, నా శాఖలో, వైరస్‌ను పెంచతా ఉండారా?"

"గొట్టంలోనే సార్..."

"ఎదుటి పార్టీవాళ్ళకు తెలిస్తే నన్ను ఆ గొట్టంలోనే పెడతారు! ఆ పెంచేది ఇప్పుడే నిలిపెయ్."

"నిలిపేస్తే ఏమీ కనబడదు సార్."

"కనబడకూడదనే కదయ్యా మన పాట్లన్నీ!"

ఆ విధంగా గంట పరీక్ష మూడు నిమిషాలకు దిగింది. ఇంత వేగం ఏ దేశమూ సాధించలేదని మంత్రిగారు చెప్పారు, అది నిజమే. సాయంత్రానికి పేటంతా నెగెటివ్. పచ్చటి కళ్ళతో జనం లడ్డూలు తిన్నారు. మంత్రిగారి సంతకం అచ్చేసిన చీటీ ఆశకూ అందింది. పెద్దాస్పత్రివాళ్ళు దాన్ని చూసి, అభినందించి, ఇంటికి పంపేశారు.

"నిలబడేదానికి కాలేదు నైనా," అంది ఆశ, తండ్రి భుజం పట్టుకుని.

మర్నాడు పొద్దున్నే ఆదికేశవులు కూతుర్ని ఆటోలో ఎక్కించుకుని, ఇడ్లీ క్యారియరుతో మంత్రిగారింటికి పోయాడు. వరండాలో సాష్టాంగపడ్డాడు.

"మీ చలవ వల్ల పిల్లకు ఏమీ లేదని తేలిందయ్యా. తన చేత్తో మీకు ఒక ఇడ్లీ తినిపిస్తానని మొక్కుకునింది."

ఆశ పచ్చటి కళ్ళెత్తి, చట్నీలో ముంచిన ముక్క ముందుకు చాచింది. మంత్రిగారు గోడకు ఆనుకునేదాకా వెనక్కి జరిగి, తుండుతో ముక్కు మూసుకున్నారు.

"ఈడికి రావద్దు! ఆడనే నిలబడమ్మా!"

"నెగెటివ్ అయ్యా. చీటీలో మీ సంతకమే ఉండాది, చూడండి."

"ఒరే, వండి ఎడుడా, బండి తియ్! నా కారు కాదు, పోలీసు జీపు! పెద్దాస్పత్రికి ఫోన్ చెయ్. మంచం రెడీగా ఉండాలని నేను చెప్పినానని చెప్పు. సీక్రం!"

తండ్రీకూతుళ్ళను ఎక్కించుకుని జీపు సైరనుతో గేటు దాటింది. వెనక వరండాలో బక్కెట్లతో ఫినాయిలు పోస్తున్నారు. ఆదికేశవులు క్యారియరు మూత తీసి, డ్రైవరుకు ఒక ఇడ్లీ అందించాడు.

డ్రైవరు వేగం పెంచాడు.