ముట్టెతో దున్నితే రైతవుతారా?

ఒక పెద్ద అడవిలో, అంటే దాన్ని కాపాడ్డానికి ఒక మంత్రీ, దాని కడుపు నింపడానికి ఇంకో మంత్రీ, ఆ ఇద్దరూ పని చేస్తున్నారని చెప్పడానికి ఒక రాజూ కావలసి వచ్చినంత పెద్ద అడవిలో, వరాలు అనే అడవిపంది ఉండేది.

వరాలు పొద్దున్నే ఊటగుట్ట కింద నేలను ముట్టెతో పెళ్ళగించేది. వెనకాలే ఉడుత పుల్లమ్మ గింజలు పాతుకుంటూ వచ్చేది. చుంచెలుకలు కలుపు కొరికేవి. గుట్ట మీది ఇప్పచెట్ల వేళ్ళ సందుల్లో ఒక ఊట పుట్టి, వాగై దిగి, ఆ నేలను తడిపేది. అక్కడ పండిన చేమ, పెండలం, కొర్రలే అడవి అంతటికీ తిండి.

సింహం దుంపలు తినదు కదా అని మీరనొచ్చు. దుంపలు తిన్నవాళ్ళను తింటుంది.

ఇంత చేసినా వరాలు రైతు కాదు. ఆమె మొగుడు కోటయ్య రైతు.

అది ఆ అడవి ఆచారం. ఏనాడో కొందరు మగాళ్ళు చెట్టు నీడన కూర్చుని మద్దిబెరడు మీద రాసిపెట్టారు: కోరలో కొమ్ములో ఉన్నవాడే రైతు. ఆడ అడవిదున్నకూ కొమ్ములుంటాయి కదా అని ఒకసారి ఎవరో అడిగితే, అవి అలంకారానికి అని సభ తేల్చేసింది. ఆ బెరడు మీదే రైతుకు మూడు హక్కులు కూడా రాసుకున్నారు. విత్తనాల గొయ్యి రైతు చేతిలో ఉండాలి. వాగు నీళ్ళు ముందు రైతుకు చేరాలి. సాగుకు ఆధారమైన చెట్టును రైతు ఒప్పుకోనిదే రాజైనా కొట్టకూడదు.

తొలకరి రాగానే కోటయ్య కోరలు తోముకుని విత్తనాల గోతి దగ్గరికి వెళ్ళేవాడు. దోసెడు గింజలు పుచ్చుకుని, దారిలో బురదగుంట దగ్గర నేస్తాలతో కూర్చుని సగం నమిలేసేవాడు.

"మిగతా సగం ఏదయ్యా?" అనేది వరాలు.

"పరీక్షించానే. మొలకెత్తే రకమేనా కాదా చూడొద్దూ?"

ఒకసారి వరాలు నేరుగా సభకే వెళ్ళింది. "విత్తనాలు నా పేరు మీద ఇప్పించండి దొరా" అంది.

రాజు కేసరయ్య జూలు దువ్వుకుంటూ అడిగాడు. "కోరలున్నాయా?"

"చెప్పుకోదగ్గవి లేవు."

"మరి దేంతో దున్నుతావు?"

"ముట్టెతో."

సభ గొల్లుమంది. ఆహారమంత్రి ఎలుగుబంటి బొద్దప్ప దయగా చెప్పాడు. "ముట్టెతో చేసేది దున్నడం కాదమ్మా, వెతుక్కోవడం."

"ఆ వెతుక్కున్నదే కదా తమరు పూటపూటా మింగేది!" అంది పైకొమ్మ మీది నుంచి పుల్లమ్మ.

గుమాస్తా కొంగ ఒంటికాలి మీద నిలబడే ప్రకటించాడు. "ఉడుత మాటలు రికార్డుల నుంచి తొలగించడమైనది."

ఆ సర్కారు పనితీరు చాలా సులువు. అడవిలో తిండి సరిపోతోందా లేదా తెలుసుకోవడానికి రోజూ బొద్దప్ప పొట్ట తట్టి చూసేవాళ్ళు. అది గుమ్మడికాయలా మోగితే ఆహార భద్రత ఉన్నట్టు. అందుకని అడవిలో ఏది పండినా ముందు బొద్దప్పకు పెట్టేవాళ్ళు. పచ్చదనం సంగతి పర్యావరణ మంత్రి చూసుకునేవాడు. ఆయన ఊసరవెల్లి, పేరు రంగనాయకులు. ఆయన పచ్చగా ఉంటే అడవి పచ్చగా ఉన్నట్టు. అందుకని ఆయన కూర్చునే చోట రోజూ లేత చిగుళ్ళు కోసుకొచ్చి పరిచేవాళ్ళు.

కొలత ఎప్పుడూ తప్పలేదు.

ఒకనాడు రంగనాయకులుకు ఒక కోరిక పుట్టింది. "పర్యావరణాన్ని ఇలా ఆరుబయట కూర్చుని కాపాడటం నామోషీగా ఉంది దొరా. పరిరక్షణ భవనం ఒకటి కావాలి. ఊటగుట్ట మీదైతే గాలి బాగుంటుంది."

"అక్కడ ఇప్పచెట్లున్నాయే" అన్నాడు రాజు.

"భవనానికి కలప కూడా కావాలి కదండీ. దూరం నుంచి మోసే శ్రమ తప్పింది."

రైతుల ఒప్పుదల కావాలి కాబట్టి కోటయ్యను, కొమ్ముల దుప్పి కణుజును, కోరలూ కొమ్ములూ ఉన్న మిగతా మగాళ్ళను పిలిపించారు. తలా ఒక కొత్త బురదగుంట ఇస్తామన్నారు. అందరూ గిట్టలు అద్ది వచ్చారు.

"దేని మీద అద్దావు?" అంది వరాలు.

"అభివృద్ధి మీద" అన్నాడు కోటయ్య.

మూడువందల ఇప్పచెట్లు కూలాయి. పరిరక్షణ భవనం లేచింది. ఊట సన్నబడి, చుక్కలై, ఆగిపోయింది. ఆ ఏడు కొర్ర గింజ కట్టలేదు, దుంపలు వేలెడు లావు కాలేదు. వరాలుకు పదకొండు మంది పిల్లలు. ఒకరి తోక ఒకరు నోట్లో పెట్టుకుని చప్పరిస్తూ పడుకునేవాళ్ళు. ఆ గుట్ట మీద ఇక మిగిలింది నలభై చెట్లు. వాటిని కూడా కొట్టి మంత్రులకు వసతి గృహాలు కడతామని అప్పుడే గుర్తులు పెట్టేశారు.

"నా బొరియల్లో గింజలున్నాయి వరాలూ" అంది పుల్లమ్మ. "పాతిపెట్టి మరిచిపోయినవన్నీ వెతికి తీశాను. చిత్త, స్వాతి కార్తెల వానలు ఇంకా ఉన్నాయి. ఆ నలభై చెట్లు నిలిస్తే ఊట తిరుగుతుంది. కొడితే ఇక అంతే."

"కొట్టొద్దని చెప్పడానికి మనమెవరం? రైతులమా ఏమన్నానా?" అంది వరాలు.

సభలో మాత్రం బొద్దప్ప పొట్ట తట్టి చూశారు. మోగింది. రంగనాయకులును చూశారు. పచ్చగా ఉన్నాడు. కరువు లేదని తీర్మానించారు.

సరిగ్గా అప్పుడు ఏనుగుల మంద వచ్చింది. పునాస పంట వేళ నలభై ఏనుగులు ఆ అడవిలో నెల్లాళ్ళు మేసి, పోతూ పోతూ వాగు పూడిక తోడి పోవడం తాతల నాటి ఒప్పందం. మందకు పెద్ద దేవలమ్మ. చాలా ముసలిది, చూపు తగ్గింది గానీ జ్ఞాపకం తగ్గలేదు.

"నిరుడు ఇక్కడ నీళ్ళలో తొండం ముంచాను. ఇప్పుడు దుమ్ము వస్తోంది. దీనికి జవాబుదారు ఎవరు?" అంది.

"కూర్చోండి, విచారణ సంఘం వేస్తాం" అన్నాడు కేసరయ్య.

"కూర్చోం. జవాబు వచ్చేదాకా ఇక్కడే నిలబడతాం."

నలభై ఏనుగులు సభలోకి వచ్చి నిలబడితే మంత్రులకు కూర్చునే చోటు లేకుండా పోయింది. జవాబుదారీతనం అంటే ఏమిటో ఆ సర్కారుకు మొదటిసారి తెలిసింది.

"ఒరే అబ్బాయ్, మీ తాతను ఇదే చోట వెంటబడి తరిమాను. త్వరగా చెప్పు" అంది దేవలమ్మ.

రాజు, మంత్రులు బండచాటుకు పోయి గుసగుసలాడుకున్నారు.

"చెట్లు కొట్టించింది మనమే అని చెబితే?" అన్నాడు రాజు.

"మన పరువు పోతుంది. రైతులే కారణమందాం" అన్నాడు రంగనాయకులు. "రాత్రింబవళ్ళు నేలను తవ్వి తవ్వి ఊటను ఇంకించేశారందాం. శిక్ష గట్టిగా వేస్తే ముసలమ్మ నమ్ముతుంది."

కొంగ గొంతు సవరించుకుని తీర్పు చదివాడు. "ఊటగుట్టను పాడు చేసినది రైతులు. కావున రైతులే ఊటగుట్టను మొదట ఎట్లున్నదో అట్లు చేసి తీరవలెను. అంతవరకు వారి బురదగుంటలు, నీడపట్టులు రద్దు."

గట్టిదనం చాలలేదనిపించి బొద్దప్ప ఇంకో మాట చేర్పించాడు. "ఈ పనికి రాజు గానీ మంత్రులు గానీ అడ్డు చెప్పరాదు."

మొదట కోటయ్య పరుగెత్తుకొచ్చాడు.

"దొరా, నేను రైతునా? ఎంత మాట! ఈ కోరలు చూడండి. పుట్టి బుద్ధెరిగాక వీటికి మట్టి అంటిందా?"

నిజమే. కోరలు ముత్యాల్లా మెరిసిపోతున్నాయి.

"నా కొమ్ములు చెట్లకు రుద్దుకోవడానికండీ" అన్నాడు కణుజు. "నాగలి సంగతి మా తాతకు కూడా తెలియదు."

ఒకరి వెనక ఒకరు బారులు తీరారు. మేము ఎన్నడూ దున్నలేదు, విత్తలేదు, కలుపు తీయలేదు, కోయలేదు అని బెరడు మీద రాయించి గిట్టలు అద్దారు. ఆ అడవిలో మగాళ్ళు అందరూ కలిసి నిజం చెప్పింది ఆ ఒక్కరోజే.

"మరి పండించింది ఎవరు నాయనా?" అంది దేవలమ్మ.

"మా ఆడదండీ" అన్నాడు కోటయ్య వరాలును ముందుకు తోస్తూ. "ముట్టెతో అంతా అదే. నేను ఎన్నిసార్లు వద్దన్నానో!"

"పుల్లమ్మ కూడా ఉంది!" "చుంచెలుకలున్నాయి!" "మా ఇంటి దుప్పి కూడా!" అని కేకలు లేచాయి.

కేసరయ్య ఊపిరి పీల్చుకున్నాడు. ఆడవాళ్ళ మీదికి తోసేస్తే పని తేలిక. "వరాలూ, ఒప్పుకుంటావా?"

పుల్లమ్మ వరాలు చెవిలో దూరినంత పని చేసింది. "ఒప్పుకోకే పిచ్చిదానా! ఆ గుట్టంతా మనచేత మోయిస్తారు!"

వరాలు కాసేపు పిల్లల వంక చూసింది. గుట్ట మీది నలభై చెట్ల వంక చూసింది.

"ఒప్పుకుంటాను దొరా. నోటిమాట కుదరదు. రాయించండి. నా పేరు, పుల్లమ్మ పేరు, చుంచెలుకలవి, దుప్పులవి, అందరివీ పేరు పేరునా. పైన 'రైతులు' అని పెద్దక్షరాలు. కింద రాజముద్ర."

"శిక్షకు ఇంత తొందరపడేవాళ్ళను నేనెక్కడా చూడలేదు" అని నవ్వుతూ కేసరయ్య పంజా అద్దాడు.

తడి ఆరేదాకా వరాలు ఆ బెరడు మీద ఊదింది. ఆ తర్వాత కొంగ వైపు తిరిగింది. "కొంగ బాబూ, పాత మద్దిబెరడు కూడా తియ్యి. రైతు హక్కులు ఒకసారి పైకి చదువు."

కొంగ రాజు మొహం చూశాడు. దేవలమ్మ కొంగ మొహం చూసింది. కొంగ చదివాడు.

"విత్తనాల గొయ్యి రైతు చేతిలో ఉండవలెను."

"పుల్లమ్మా, వెళ్ళి గోతి మీద కూర్చో" అంది వరాలు.

"వాగు నీళ్ళు ముందు రైతుకు."

"రానీ, పుచ్చుకుంటాం."

"సాగుకు ఆధారమైన చెట్టును..." కొంగ రెండో కాలు కూడా నేలకు దించాడు. "...రైతు ఒప్పుకోనిదే రాజైనా కొట్టరాదు."

"ఒప్పుకోం" అన్నాయి చుంచెలుకలన్నీ ఒక్కసారే. అంత చిన్న నోళ్ళలోంచి అంత పెద్ద మాట రావడం ఆ సభలో ఎవరూ వినలేదు.

"అది మగ రైతుల కోసం రాసింది!" అని బొద్దప్ప లేచాడు.

"మగ రైతులు ఎవరైనా ఉన్నారా? ఉంటే చెయ్యెత్తమనండి. గుట్ట మోయాలి" అంది వరాలు.

కోటయ్య రెండు ముందుకాళ్ళూ పొట్టకింద దాచుకున్నాడు.

"ఇంకొక్కటి పెద్దమ్మా" అంది వరాలు దేవలమ్మతో. "గుట్ట మొదట ఎట్లున్నదో అట్లు చేయాలని తీర్పు. మొదట ఆ భవనం లేదు కదా?"

రంగనాయకులు ఒక్కసారిగా తెల్లబోయాడు. కొంగ అలవాటు కొద్దీ ఆ రంగును రికార్డు చేశాడు.

"అడ్డు చెప్పకూడదని మీరే రాసుకున్నారు" అని పుల్లమ్మ గుర్తుచేసింది.

ఈసారి ఆ మాటను రికార్డుల నుంచి ఎవరూ తొలగించలేదు.

"పొద్దుట్నుంచీ వీపు దురదగా ఉంది" అంటూ దేవలమ్మ గుట్టెక్కి పరిరక్షణ భవనానికి ఆనుకుని రుద్దుకుంది. ఆమె వెనక మిగతా ముప్ఫై తొమ్మిదికీ దురద పుట్టింది. భవనం పర్యావరణంలో కలిసిపోయింది.

ఏనుగులు ఊట కన్ను మూసిన పూడిక తోడాయి. మూడో వానకు చిటికెనవేలంత ధార వచ్చింది. నలభై చెట్ల నీళ్ళకు రెండు మడులే తడిశాయి. అయినా ఆ రెండు మడుల్లో చేమాకు లేచింది. పదకొండు పిల్లలూ ఒకరి తోక ఒకరు వదిలిపెట్టి గట్టు మీద కాపలా కూర్చున్నారు. కూలిన చెట్ల చోట పుల్లమ్మ ఇప్పగింజలు పాతింది. ఈసారి మరిచిపోవడానికే పాతాననీ, అందుకే మొలుస్తాయనీ అంది.

మంత్రులను తీసేద్దామని కొందరన్నారు. "ఎందుకు, కొలతలు మంచివే. పెట్టిన చోటు తప్పు" అంది వరాలు.

అప్పటి నుంచి బొద్దప్పకు అందరూ తిన్న తర్వాతే పెడుతున్నారు. ఆయన పొట్ట మోగిందంటే ఇప్పుడు నిజంగానే అడవి కడుపు నిండినట్టు. ఇంకా సరిగ్గా మోగడం లేదు. రంగనాయకులును గుట్ట మీద నరికిన మొద్దు పైన కూర్చోబెట్టారు. చాలా రోజులు మట్టిరంగులోనే ఉన్నాడు పాపం. మొన్న తోక చివర కాస్త పచ్చబడిందని కబురు.

తొలకరికి కోటయ్య కోరలు తోముకుని విత్తనాల గోతి దగ్గరికి వచ్చి నిలబడ్డాడు. "ఏమే వరాలూ, నాకూ ఓ దోసెడు..."

"నీకు ముట్టె ఉందా?" అంది వరాలు.

"ఉందే!"

"అయితే ఆ మడి దున్ను. సాయంత్రం దానికి మట్టి అంటిందో లేదో చూసి రాసుకుంటాం."

జంతువుల కథకు నీతి ఉండాలంటారు కాబట్టి: నేరం మోపడానికి తెచ్చిన కాయితాన్ని కోపంతో చించెయ్యకండి, ముందు దాని మీద మీ పేరు రాయించుకుని ముద్ర వేయించుకోండి.