అంకెలు స్పష్టంగా పలకవలెను

రాయ్‌పూర్ రైల్వే కాలనీ తెలుగు సంఘం వారి అంతర్జాల భద్రతా కమిటీకి మల్లేశ్వరరావుగారు ఏకగ్రీవంగా అధ్యక్షులయ్యారని తెలియజేయడానికి సంతోషిస్తున్నాం. అర్హతలకు లోటు లేదు. ముప్పై ఆరేళ్లు తిల్దా మొదలు నానా స్టేషన్లలో మాస్టరుగా చేసి, ఒక్క బండినీ ఇంకో బండికి గుద్దించని మనిషి. పైగా సంఘం వాట్సాప్ గ్రూపుకి ఆయనే అడ్మిన్. రోజూ తెల్లవారుజామున ఐదింటికి మూడొందల పన్నెండు కుటుంబాలకు గులాబీ పువ్వుతో శుభోదయం పంపేవారు. రిటైరయ్యాక ఆయన పరువూ పరపతీ అంతా ఆ గ్రూపులోనే ఉన్నాయి.

సన్మాన సభలో శాలువా కప్పుకుని ప్రసంగించారు. "ఇంటర్నెట్‌ని నమ్మకండి. రైల్వేని నమ్మండి. పక్క స్టేషన్ మాస్టరు బండి వదలమంటే మేం ఊరికే వదిలేవాళ్లమా? ఆయనొక ప్రైవేటు నంబరు చెప్పాలి, నేనొకటి చెప్పాలి, బండి బండికీ కొత్తది, ఇద్దరం రిజిస్టర్లో రాసుకోవాలి. భద్రత అంటే అదీ." సభ్యులు చప్పట్లు కొట్టి సమోసాల వైపు నడిచారు.

మర్నాడే పరీక్ష వచ్చింది. భద్రతా విభాగం నుంచి మాట్లాడుతున్నానని, ఫోనుకి వచ్చిన ఆరంకెల నంబరు చెప్పమని హిందీలో ఎవరో అడిగారు. ఇంకొకరైతే కంగారుపడి చెప్పేసేవారే. మల్లేశ్వరరావుగారు కళ్లజోడు పెట్టుకుని, "ముందు మీ నంబరు చెప్పండి" అని నిలదీశారు. అవతలివాడు కొంచెం తడబడి "నలభై ఏడు" అన్నాడు. దాన్ని రిజిస్టర్లో ఎక్కించి, టైము వేసి, సంతకం పెట్టి, అప్పుడుగానీ ఆయన తన ఆరంకెలు చెప్పలేదు. అవీ విడివిడిగా, స్పష్టంగా, రెండుసార్లు. అవతలివాడు తిరిగి చదివి వినిపించాడు కూడా. ఇంత పద్ధతి తెలిసినవాళ్లు ఈ కాలంలో ఉన్నందుకు ఆయనకు ముచ్చటేసింది.

ఐదు నిమిషాల్లో ఆయన ఫోన్లో వాట్సాప్ మూతబడింది. ఆయన పేరుతో, ఆయన ఫోటోతో ఇంకెవరి ఫోన్లోనో తెరుచుకుంది.

మర్నాడు గులాబీ రాలేదు. సభ్యులు హాయిగా ఊపిరి పీల్చుకుని, అధ్యక్షులవారికి ఇంత హుందాతనం ఎప్పుడొచ్చిందని మెచ్చుకున్నారు. ఆయన గ్రూపులో అంతా హిందీలోనే రాస్తున్నారేమిటని ఎవరూ అడగలేదు. నలభై ఏళ్లు ఈ ఊళ్లో ఉన్నాక అది మామూలే. పదింటికి భద్రతా తనిఖీ అన్నారు. అందరి ఫోన్లకీ ఆరంకెల నంబరు వస్తుంది, తనకి పంపాలి. మధ్యాహ్నానికి నూట తొంభై మంది పంపారు. క్రమశిక్షణ గల సంఘం కనుక ప్రతి ఒక్కరూ ముందు ఆయన ప్రైవేటు నంబరు అడిగి తీసుకున్నారు. అందరికీ నలభై ఏడే వచ్చింది. దాంతో నమ్మకం ఇంకా పెరిగింది.

సంగతి తెలిసి మల్లేశ్వరరావుగారు స్కూటరు మీద సంఘం హాలుకి వచ్చిపడ్డారు. కార్యదర్శి సూరిబాబు, ఉర్లా ఫ్యాక్టరీలో ఫోర్‌మన్, ఇరవై ఏళ్లుగా ఆయనతో పేకాడుతున్నవాడు, గుమ్మంలోనే ఆపాడు.

"అది నేను కాదయ్యా. నేనిదిగో, ఇక్కడున్నాను."

"అలా ఎవరైనా అంటారు సార్. సబూత్ ఉండాలి కదా. ఉండండి, గ్రూపులో అడుగుతాను."

జవాబు వెంటనే వచ్చింది. అధ్యక్షులవారు పనిమీద అభన్‌పూర్‌లో ఉన్నారట, హాలు దగ్గరున్నవాడు నకిలీయట. సూరిబాబు నొచ్చుకున్నాడు.

"కుర్చీ వేయిస్తాను, కూర్చోండి. అసలాయన వచ్చేదాకా ఎంతసేపని నిలబడతారు" అన్నాడు మర్యాదగా.

ఆయన కూర్చోలేదు. ఏడుపొచ్చినంత పనైంది. ఊరంతా కాదన్నా తనని పోల్చుకునే మనిషి ఒకరున్నారనుకుంటూ ఇంటికొచ్చారు. భార్య అన్నమ్మ ఫోన్ చూసి నవ్వుకుంటోంది.

"నువ్వూ నంబరు పంపించావా?"

"పంపించాను."

"అది నేను కాదని తెలీలేదా?"

"ఎందుకు తెలీదు, మొదటి లైన్లోనే తెలిసిపోయింది. 'అన్నమ్మ జీ, ఖానా ఖాయా?' అని అడిగాడు. ముప్పై నాలుగేళ్లలో మీరెప్పుడైనా అడిగారేటండీ?"

ఆయన ఆమె పక్కకి కుర్చీ లాక్కుని కూర్చుని, "తిన్నావా?" అన్నారు.

అన్నమ్మ ఆయన్ని ఎగాదిగా చూసింది.

"ముందు మీ నంబరు చెప్పండి" అంది.