మైలేజీ ఇచ్చే గుర్రబ్బండి

శనివారం ఉదయానికి నరసింహ వేసిన ప్లానులో ఒక్క రివర్సు కూడా లేదు. గుర్రాల శాలలో కారుకు ట్రైలర్ తగిలించుకుని, అందులో గుర్రం జింజర్‌ను ఎక్కించుకుని, తిన్నగా గుడికి వెళ్ళాలి. కొత్త కారుకు పూజ చేయించాలి. అటునుంచి అటే గుడి ముందు గేటులోంచి బయటపడి హైవే ఎక్కి, పదకొండింటికల్లా గుర్రపు పోటీల మైదానం చేరాలి. ట్రైలర్‌ను ముందుకు లాగడం అతను రెండు సాయంత్రాల్లో నేర్చేసుకున్నాడు. వెనక్కి నెట్టడం మాత్రం, తను స్టీరింగు ఒకవైపు తిప్పితే అది ఇంకోవైపు పోతుండటంతో, మనకెందుకొచ్చిన గొడవలే అని వదిలేశాడు.

అమెరికాలో, అల్ఫారెట్టా అనే ఊళ్ళో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసుకునే మనిషికి గుర్రంతో పనేమిటంటే, దానికంతటికీ కారణం ధర్మారావు. నరసింహ కూతురు నైనిక, ధర్మారావు కూతురు వర్ష ఒకే చోట స్వారీ నేర్చుకుంటున్నారు. ధర్మారావు కూతురికి సొంత గుర్రమే కొన్నాడు. నరసింహ మాత్రం జింజర్ అనే గోధుమరంగు గుర్రాన్ని శాలవాళ్ళ దగ్గర లీజుకు తీసుకున్నాడు. పోటీలున్న రోజున రెండు గుర్రాలనూ ధర్మారావే ట్రైలర్‌లో ఎక్కించి, తన ఎత్తయిన పికప్ ట్రక్కుకు తగిలించుకుని తీసుకెళ్ళేవాడు. నైనిక కూడా వర్షతో పాటు ఆ ట్రక్కే ఎక్కేది. మడత కుర్చీలు, పులిహోర డబ్బా పెట్టుకుని నరసింహ తన చిన్న కారులో వెనకాలే పోయేవాడు.

రెండేళ్ళుగా ఇదే వరస. దారి పొడుగునా అతనికి కనిపించేది గుర్రాల తోకలు. మలుపుల దగ్గర మాత్రం ట్రక్కు కిటికీలో కూతురు పగలబడి నవ్వడం కనిపించేది. ఇంట్లో "స్కూలెలా ఉందమ్మా?" అంటే "ఫైన్" అని తలుపేసుకునే పిల్ల, ధర్మారావు బండిలో దేనికంత నవ్వుతుందో అతనికి అంతుపట్టేది కాదు. కడుపు మండేది. పైకి చెప్పుకుంటే పరువు తక్కువ కాబట్టి లోపల్లోపలే ఉడికిపోయేవాడు.

ఒకరోజు భోజనాల దగ్గర నైనిక అంది. "డాడ్, ధర్మా అంకుల్ ఈజ్ సో కూల్. ట్రైలర్‌ని వన్ హ్యాండ్‌తో రివర్స్ చేస్తాడు. నువ్వు ఎప్పుడైనా చూడాలి."

రెండేళ్ళుగా చూస్తున్నవాడు ముద్ద కంచంలోనే వదిలేసి లేచాడు. మర్నాడే కార్ల వేటలో పడ్డాడు.

అలాంటి ట్రక్కే ఒకటి కొనేస్తే కథ లేదు. కానీ నరసింహ మైలేజీ మనిషి. ఎర్ర లైటు ఎక్కడో దూరాన కనబడగానే యాక్సిలరేటర్ మీంచి కాలు తీసేసే రకం. వారమంతా ఆఫీసుకు పొదుపుగా తిరగాలి, శనివారం గుర్రాన్ని లాగాలి, అలాంటి కారు కావాలతనికి. ఏ షోరూముకు వెళ్ళినా ఒకటే ప్రశ్న వేసేవాడు, గుర్రంతో అయితే మైలేజీ ఎంత ఇస్తుందని. ఎవరూ జవాబు చెప్పలేకపోయారు. శాలలో శిక్షకురాలికి ఫోన్ చేసి, జింజర్ బరువు మేత మేయకముందు ఎంత, మేశాక ఎంత అని అడిగాడు. ఇలాంటి ప్రశ్న తనను ఇంతవరకూ ఎవరూ అడగలేదని ఆవిడ మర్యాదగా చెప్పింది.

చివరికి వాడిన డీజిల్ ఎస్‌యూవీ ఒకటి దొరికింది. తేలికపాటి అల్యూమినియం ట్రైలర్‌నూ అందులో ఒక్క గుర్రాన్నీ సరిగ్గా లాగగలదు. ఆ పైన బరువు పెంచవద్దని ఈసారికి పులిహోర చిన్న డబ్బాలో తెమ్మన్నాడు భార్యను.

భార్య విజయశ్రీ డబ్బా విషయంలో సర్దుకుపోయింది గానీ ఇంకో విషయంలో పట్టుబట్టింది. "పూజ చేయించని బండిలో పిల్లని హైవే ఎక్కించేది లేదండీ. గుర్రాన్ని కూడా."

"గుర్రానికేంటి విజయా?"

"అది మాత్రం ప్రాణి కాదా?"

అందుకే శనివారం పొద్దున్నే గుడి. పూజారిగారు కారు ముందు స్వస్తిక్ వేసి కొబ్బరికాయ కొట్టారు. విజయశ్రీ అడిగిందని ట్రైలర్‌కూ పసుపు కుంకుమలు పెట్టారు. కిటికీలోంచి తల బయటపెట్టి చూస్తున్న జింజర్ ఒక్కటే బోసిగా ఉండటం బాగాలేదని విజయశ్రీ దాని నుదుట ఇంత బొట్టు పెట్టి, మెడలో బంతిపూల దండ వేసింది. కారు చక్రాల కిందా, ట్రైలర్ చక్రాల కిందా నిమ్మకాయలు పెట్టి, ముందుకు పోనివ్వండి అన్నారు పూజారిగారు. నరసింహ ఉత్సాహంగా పోనిచ్చాడు. నిమ్మకాయలన్నీ చితికాయి. గుడి మూల తిరిగేసరికి, ముందు గేటుకు అడ్డంగా పూలతో పెద్ద పెళ్ళి తోరణం కట్టి ఉంది.

"ఇవాళ ఈ గేటు మూత సార్. వెనక్కెళ్ళి పక్క గేట్లోంచి పోవాలి," అన్నాడు గుడి వాలంటీరు.

వెనక్కి అన్న మాట వినగానే నరసింహ అద్దం సరిచేసుకున్నాడు. అద్దంలో చూస్తే పెళ్ళివాళ్ళ కార్లు అప్పటికే వెనకాల వరస కట్టాయి. ఆ కార్ల మధ్యలోంచి పట్టు కుర్తా వేసుకున్న పెద్దాయన ఒకాయన పరుగులాంటి నడకతో వచ్చాడు. ఆయన వెంకటస్వామి, పెళ్ళికొడుకు మేనమామ.

"ఇప్పుడా రావడం? గంట నుంచి ఫోన్ చేస్తున్నా. పైగా తెల్ల గుర్రం బుక్ చేస్తే బ్రౌన్‌ది తెచ్చారేంటి?"

"ఇది మా అమ్మాయి గుర్రమండి. మేం పోటీకి వెళ్తున్నాం."

"పోటీకి వెళ్ళే గుర్రానికి బొట్టెందుకు, దండెందుకు?"

నరసింహ భార్య వైపు చూశాడు. విషయమేమిటంటే పెళ్ళికూతురు పంజాబీ అమ్మాయి. వాళ్ళ ఆచారం ప్రకారం పెళ్ళికొడుకు గుర్రమెక్కి బరాత్‌తో ఊరేగి రావాలి. మాట్లాడుకున్న గుర్రాన్ని తెచ్చే బండి దారిలో టైరు పేలి ఎక్కడో ఆగిపోయింది. ఆ సంగతి అప్పుడే ఫోన్లో తెలిసి వెంకటస్వామి డీలా పడిపోయాడు. ఆరడుగుల పెళ్ళికొడుకు సాయి తేజ షేర్వాణీలో పేవ్‌మెంట్ అంచున కూర్చుని నేల చూపులు చూస్తున్నాడు.

"ఒక్క అరగంట ఇవ్వండి సార్. గుర్రం కూడా తేలేకపోయారు అని వియ్యాలవారు జీవితాంతం అంటారు," అని బతిమాలాడు వెంకటస్వామి.

"సారీ అండి. పాప పోటీ పదకొండింటికి," అన్నాడు నరసింహ. ఈ ఒక్క రోజు కోసం ఇన్ని నెలలు తిరిగినవాడు మరి.

ఆయన నిట్టూర్చి వెనక కార్లు తీయించాడు. ఇక తప్పదని నరసింహ రివర్స్ గేరు వేశాడు. ట్రైలర్ కుడికి పోయింది. సరిచేద్దామని తిప్పితే ఇంకా కుడికి పోయి, గుడి బయటున్న చెప్పుల స్టాండును మెల్లగా పడుకోబెట్టింది. పెళ్ళికొచ్చిన వాళ్ళందరి చెప్పులూ ఒకే కుప్ప అయ్యాయి. కారూ ట్రైలరూ మడతపడి ముందుకూ వెనక్కీ కదలకుండా బిగుసుకుపోయాయి. వెనక సీట్లో నైనిక మొహం చేతుల్లో దాచుకుంది. అది చూసి నరసింహకు చెప్పుల కుప్పలో దూరిపోదామనిపించింది.

"ధర్మారావుగారికి ఫోన్ చేస్తానండీ," అంది విజయశ్రీ.

"ఎవరికైనా చెయ్యి, అతనికి మాత్రం వద్దు."

"చేసేశాను. అక్కడ వర్ష పోటీ అవగానే వస్తానన్నారు."

పదకొండు దాటిపోయింది. నైనిక కారు దిగి తండ్రి పక్కకు వచ్చింది. "సారీరా నైనీ. అంతా పాడుచేశాను," అన్నాడతను. కూతురు అరుస్తుందనుకున్నాడు. ఆ పిల్ల మాత్రం సాయి తేజ వైపు చూస్తోంది.

"షో ఎలాగూ మిస్ అయింది కదా డాడ్. జింజర్‌ని వాళ్ళకి ఇద్దాం. హీ లుక్స్ సో సాడ్. జింజర్‌కి డ్రమ్స్ అంటే భయం లేదు, లాస్ట్ ఇయర్ పరేడ్‌లో నడిచింది. కానీ రోప్ నేనే పట్టుకుంటా."

శిక్షకురాలికి ఫోన్ చేసి అడిగితే ఆవిడా సరేనంది. పంజాబీ పెద్దాయనెవరో గుర్రాన్ని నడిపే పిల్ల నాన్నగారికి తలపాగా లేకపోతే ఎలాగని నరసింహ తలకు గులాబీరంగు పాగా చుట్టేశాడు. డోలు మొదలైంది. జింజర్ ముందు తన మెడలో దండ తినేసి, తరవాత పెళ్ళికొడుకు దండ మీద పడింది. తోరణం దగ్గర జనం మీదికి వచ్చేస్తుంటే, నైనిక చిన్నగా అదిలించగానే తిన్నగా నాలుగడుగులు వెనక్కి వేసింది. ఆ పార్కింగులో రివర్సు తెలిసింది దానికొక్కదానికే. ఎవరో నరసింహను డోలు ముందుకు లాగారు. కాలేజీ రోజుల్లో కూడా గంతు వేసి ఎరగని మనిషి, చేతులు పైకెత్తి ఏదో చేశాడు.

నైనిక పగలబడి నవ్వింది. రెండేళ్ళుగా కిటికీ అద్దంలో దూరాన్నుంచి చూసిన నవ్వే. ఈసారి తన కోసమేనని తెలిసి నరసింహ కళ్ళు చెమర్చాయి. పాగా జారుతున్నట్టు నటించి తుడుచుకున్నాడు.

ధర్మారావు వచ్చేసరికి బరాత్ గుడి మెట్ల దగ్గరికి చేరింది. అతను మడతపడ్డ ట్రైలర్‌ను ఒంటి చేత్తో, ఒక్క ప్రయత్నంలో వెనక్కి తీసి సరిగ్గా నిలబెట్టాడు. ఒక్కరూ చూడలేదు. వీడియోవాళ్ళందరూ నరసింహ చుట్టూ ఉన్నారు. ధర్మారావు కొత్త కారు చుట్టూ ఓసారి తిరిగి వచ్చి నిలబడ్డాడు.

"మైలేజ్ ఎంత ఇస్తోందండీ?"

"గుర్రంతోనా, లేకుండానా?"

ధర్మారావు మొహం మాడిపోయింది. "రెండేళ్ళ నుంచి రెండేసి గుర్రాల్ని లాగుతున్నా నరసింహగారూ. నాకెవరూ ఒక రుమాలు కూడా చుట్టలేదు. ఇక్కడి ఫోటోలు చూసి వర్ష అప్పుడే టెక్స్ట్ పెట్టింది, మనం ఇలాంటివి ఎందుకు చేయం అని."

ఆ గొంతులో కుళ్ళు నరసింహ చెవులకు సన్నాయిలా వినిపించింది. పాపం అనిపించింది కూడా, జిలేబీ తెచ్చుకునేంతవరకు.

తరవాతి పోటీకి వర్ష కూడా నరసింహ కారే ఎక్కుతానని పేచీ పెట్టింది. ధర్మారావు తన గుర్రంతో ట్రక్కులో ఒంటరిగా వెనకాల వచ్చాడు. నరసింహ ఛాతీ విరుచుకుని డ్రైవ్ చేశాడు. వెనక సీట్లో పిల్లలిద్దరూ చెరో చెవిలో ఒకే పాట పెట్టుకుని, ఫోన్లో ఏదో చూసుకుంటూ నవ్వుతూనే ఉన్నారు. అతను మూడు జోకులు వేశాడు. అవి వాళ్ళకు వినపడలేదు.

దారి మొత్తంలో నైనిక తండ్రితో మాట్లాడింది ఒక్కసారే, ధర్మా అంకుల్ అయితే ఈపాటికి చేర్చేసేవాడని చెప్పడానికి.